తొవ్వ లేని వాడ

పారిస్ నుంచి తూర్పుకు పోయే రైలు దారిలో ఒక స్టేషన్ ఉంది. బోర్డు మీద మూడు ఊళ్ళ పేర్లుంటాయి: లె రాంసీ, విల్‌మోంబ్ల్, మోంఫెర్మే. మొదటి రెండు ఊళ్ళూ ఆ చుట్టుపక్కలే ఉన్నాయి. మూడోది అక్కడ లేదు. మోంఫెర్మేకు పోవాలంటే అక్కడ దిగి బస్సు పట్టుకుని గుట్టెక్కాలి. బస్సు దొరకకపోతే కాళ్ళున్నాయి. పేరును రైలుకిచ్చి ఊరిని గుట్టమీదే వదిలేశారు. ఆ ఊరికి ఆనుకునే క్లిషీ-సు-బ్వా అనే ఇంకో ఊరుంది. దానికి ఆ బోర్డు మీద పేరు కూడా దక్కలేదు. పారిస్ నడిబొడ్డుకు ఈ రెండు ఊళ్ళూ 15 కిలోమీటర్ల దూరం. ఏళ్ళ తరబడి అక్కడి జనం ఆ 15 కిలోమీటర్లకు గంటన్నర ఖర్చుపెట్టారు, పోయేటప్పుడొక గంటన్నర, వచ్చేటప్పుడొక గంటన్నర.

మన అస్తిత్వం గురించి మాట్లాడుకునే పుస్తకంలో ఈ ఫ్రెంచి ఊళ్ళ బస్సుల గొడవ ఎందుకని అడిగేవాళ్ళుంటారు. పేరు, గడ్డం, టోపీ, బురఖా, భాష... అస్తిత్వమంటే ఇవేనని మనకు అలవాటు చేశారు. కానీ రాత్రి తొమ్మిదింటికి సికింద్రాబాద్ స్టేషన్లో దిగి ఆటోవాణ్ణి "పాతబస్తీ వస్తావా" అని అడిగినవాడికి ఇంకో సంగతి తెలుసు. ఎక్కడుంటావన్నది కూడా నువ్వెవరన్నదే. ఆ ఎక్కడికి రోడ్డు ఉందా, బస్సు వస్తుందా, నడిచిపోతే దారిలో ఎవరాపుతారు? ఈ ప్రశ్నలకు చరిత్ర ఉంది. ఆ చరిత్ర అత్యంత స్పష్టంగా కనిపించే చోట్లలో ఈ గుట్ట ఒకటి.

మోంఫెర్మే పేరు తెలుగువాళ్ళకు తెలియదనుకుంటాం. తెలుసు. 1950లో నాగయ్య నటించిన 'బీదలపాట్లు' సినిమాకు మూలం విక్టర్ హ్యూగో నవల. ఆ నవలలో కొజెట్ అనే చిన్నపిల్ల చీకట్లో అడవిలోని ఊటకు నీళ్ళకోసం పోతుంది, బకెట్ మొయ్యలేక ఏడుస్తుంది, జాఁ వాల్జాఁ వచ్చి ఆ బకెట్ అందుకుంటాడు. అది ఈ మోంఫెర్మేలోనే. గుట్టమీది ఊరు కనుక నీళ్ళు దూరం, నీళ్ళకోసం నడక. హ్యూగో నవల 1862లో అచ్చయింది. ఆ తర్వాత మూడేళ్ళకు, 1865లో, దుయీస్ నది నీళ్ళను పారిస్‌కు చేర్చే కాలువ పూర్తయింది. నూటముప్పై కిలోమీటర్ల పొడవైన ఆ కప్పు కాలువ ఈ గుట్ట మీదుగానే పోయింది. అంటే రాజధాని తాగే నీళ్ళు ఈ ఊళ్ళ కిందినుంచి ఎక్కడా ఆగకుండా పారిస్‌కు చేరిపోయాయి. నీళ్ళకు దారి దొరికింది. మనుషులకు దొరకడానికి ఇంకో నూటయాభై ఏళ్ళు పట్టింది. ఇప్పుడా కాలువ పైభాగం నడకదారి. చెట్ల మధ్య చక్కటి దారి, ఆదివారంపూట షికారుకు బాగుంటుంది. పొద్దున్నే పనికి పోవడానికి మాత్రం పనికిరాదు.

ఈ గుట్టమీదికి ముస్లింలు ఎట్లా చేరారో తెలియాలంటే ముందు పారిస్‌కు పడమటిదిక్కునున్న నాంతేర్‌కు పోవాలి. ఫ్రాన్సు అనగానే మనకు యానాం గుర్తొస్తుంది. 1954 జూన్‌లో ఫ్రెంచివాళ్ళ పెత్తనం యానాంలో ముగిసింది. అదే ఏడాది నవంబరు 1న అల్జీరియాలో యుద్ధం మొదలైంది. యానాంను వదులుకున్నంత తేలిగ్గా అల్జీరియాను వదులుకోలేదు. అది వలస కాదు, ఫ్రాన్సులో భాగమే అన్నారు. ఆ లెక్కన అల్జీరియా నుంచి ఫ్యాక్టరీ పనులకు వచ్చినవాడు విదేశీయుడు కాదు, పౌరుడే. మరి ఆ పౌరుణ్ణి కాగితాల మీద ఏమని రాశారు? "అల్జీరియా ఫ్రెంచి ముస్లిం". నమాజు చేసేవాడైనా, చెయ్యనివాడైనా, కమ్యూనిస్టైనా, అధికారుల లెక్కలో ముస్లిమే. మతం అక్కడ విశ్వాసం కాదు, ఒక రిజిస్టరులో గడి. ఇది మనకు కొత్తగా అనిపిస్తుందా?

ఈ "ఫ్రెంచి ముస్లింలు" వేలల్లో నాంతేర్ మురికివాడల్లో ఉండేవాళ్ళు. అన్నిటికన్నా పెద్ద వాడ పేరు లా ఫోలీ. ఫ్రెంచిలో ఆ మాటకు పిచ్చి అని అర్థం. రేకులు, చెక్కలు, తారు కాగితం, మధ్యలో సందులు. ఆ వాడల్లో పెరిగినవాళ్ళ జ్ఞాపకాలు చదివితే ఆకలికన్నా, చలికన్నా ఎక్కువసార్లు వచ్చే మాట బురద. బడికి పోయే పిల్లల చెప్పులకు, పనికి పోయే తండ్రుల బూట్లకు బురద. బస్సులో ఆ బూట్లు చూస్తే చాలు, వీడెక్కణ్ణుంచి వస్తున్నాడో తెలిసిపోయేది. పేరు అడగక్కరలేదు. బూటే గుర్తింపు కార్డు. నీళ్ళు దూరంగా ఉన్న కుళాయినుంచి మోసుకోవాలి. కొజెట్ కథే మళ్ళీ, వందేళ్ళ తర్వాత, ఫాతిమా పేరుతో. గుడిసెకు కొత్తగా ఒక గోడ లేపినా, పైకప్పు గట్టిచేసుకున్నా పోలీసు దళం వచ్చి కూల్చేది. ఈ వాడల చరిత్రను అల్జీరియాలో పుట్టిన సామాజిక శాస్త్రవేత్త అబ్దుల్ మాలిక్ సయ్యద్ 1995లో పుస్తకంగా రాశాడు. నాకు తెలిసినంతలో వలసవచ్చినవాడి పక్కన నిలబడి రాసిన వాళ్ళలో ఆయన్ని మించినవాళ్ళు తక్కువ.

ఆ సందుల్లోంచి చూస్తే కనిపించేది ఒక పెద్ద తెల్లటి కాంక్రీటు గొడుగు. 1958లో ప్రారంభమైన ప్రదర్శనశాల అది. కట్టిన ముగ్గురు ఆర్కిటెక్టుల్లో ఒకాయన పేరు బెర్నార్ జెర్‌ఫూస్. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

1961 అక్టోబరు 5. పారిస్ పోలీసు అధిపతి మోరిస్ పాపోఁ ఒక ప్రకటన జారీచేశాడు. అల్జీరియా ముస్లింలు రాత్రి 8.30 నుంచి తెల్లవారి 5.30 దాకా వీధుల్లో తిరగకుండా ఉండాలి. వాళ్ళు నడిపే, వాళ్ళు కూర్చునే కాఫీ హోటళ్ళు ఏడింటికే మూసెయ్యాలి. ఇంకో సలహా కూడా ఉంది. నడిచేటప్పుడు ఒంటరిగా నడవండి, ఇద్దరు ముగ్గురు కలిసి నడిస్తే అనుమానం వస్తుంది! ఇంతకన్నా నిక్కచ్చిగా ఒక ప్రభుత్వం ఒక కౌమ్‌ను దాని నడకతో నిర్వచించడం నేనెక్కడా చదవలేదు. నువ్వు చేసిన పని కాదు, నువ్వు నమ్మేది కాదు, నువ్వు నడవడమే నేరానికి సూచన. ఇద్దరు కలిసి నడిస్తే కుట్ర.

జవాబుగా జనం నడిచారు. అక్టోబరు 17 సాయంత్రం నాంతేర్ నుంచి, చుట్టుపక్కల వాడల నుంచి ఇరవై ముప్పై వేలమంది మంచి బట్టలు వేసుకుని, ఆడవాళ్ళను, పిల్లలను వెంటబెట్టుకుని పారిస్‌లోకి బయల్దేరారు. సేన్ నది వంతెనలు దాటాలి. పోలీసులు వంతెనల మీదే కాచుకున్నారు. కాల్పులు, లాఠీలు, నదిలోకి విసిరివేతలు. పదకొండు వేలమందికి పైగా అరెస్టు. అధికార లెక్క ఆనాడు ముగ్గురు చనిపోయారంది. చరిత్రకారుల అంచనాలు కొన్ని పదుల నుంచి రెండువందలకు పైగా. అదే పాపోఁకు, రెండో ప్రపంచయుద్ధ కాలంలో యూదులను నాజీలకు పట్టించినందుకు 1998లో శిక్షపడింది. అల్జీరియావాళ్ళ చావులకు ఎవరికీ పడలేదు. 2012లో ఒక అధ్యక్షుడు జరిగిందని ఒప్పుకున్నాడు, 2021లో ఇంకొకాయన క్షమించరాని నేరాలన్నాడు. వాడ నుంచి నగరానికి నడిచిపోయే దారి ఎట్లా ఉంటుందో ఆ వంతెనలు చెప్పాయి.

1962లో అల్జీరియా స్వతంత్రమైంది. 1964 డిసెంబరులో మురికివాడలను తొలగించే చట్టం వచ్చింది. వాడలు కూల్చి జనాన్ని "తాత్కాలిక" కాలనీలకు తరలించారు. ఈళ్ళకు ఇంట్లో ఎట్లా ఉండాలో తెలియదు కనుక కొన్నాళ్ళు శిక్షణ ఇవ్వాలట! రెండేళ్ళన్నది పదేళ్ళు, ఇరవై ఏళ్ళు అయింది. ఆ కాలనీలు ఎక్కడ కట్టారంటే ఫ్యాక్టరీల వెనక, రైలు పట్టాల పక్కన, నది ఒడ్డున, మిగతా ఊరు వాడుకోని ముక్కల్లో. నాంతేర్‌లో అట్లాంటిదే గూటెన్‌బర్గ్ కాలనీ. 1982లో పక్కనున్న ఇళ్ళ నుంచి ఒకడు తుపాకీ పేల్చి అక్కడ ఒక కుర్రాణ్ణి చంపాకగాని, ఆ పిల్లల పోరాటంతోగాని, ఆ కాలనీవాళ్ళకు వేరే ఇళ్ళు ఇవ్వాలన్న ఆలోచన కదల్లేదు.

ఇక జెర్‌ఫూస్ దగ్గరికి. ఆయన నలభైల్లో ఫ్రెంచి వలస ట్యునీషియాలో యుద్ధానంతర పునర్నిర్మాణానికి ఆర్కిటెక్టుల దళాన్ని నడిపాడు. యాభైల్లో పారిస్‌లో యునెస్కో భవనానికి, నాంతేర్ దగ్గరి ఆ కాంక్రీటు గొడుగుకు పనిచేశాడు. అరవైల్లో క్లిషీ, మోంఫెర్మే గుట్టమీద వేల ఇళ్ళకు నక్షా గీశాడు. లె బోస్కే, షేన్ ప్వాంత్యూ. ముద్దుపేర్లు, తోపు అనీ ఓక్ చెట్టు అనీ. పది అంతస్తుల పొడవాటి పలకల్లాంటి భవనాలు, చుట్టూ పచ్చిక, పక్కనే అడవి. ఒక్క మాట ఇక్కడ స్పష్టం చెయ్యాలి. అవి పేదల ఇళ్ళుగా కట్టినవి కావు. మధ్యతరగతి ఉద్యోగుల కోసం కట్టి, ఒక్కో ఫ్లాటు అమ్మినవి. ఉద్యోగికి కారుంటుంది, కారుకు రోడ్డుంటుంది. ఆ గుట్ట పక్కనుంచి ఎ-87 అనే మోటారు రహదారి పోతుందని నక్షాలో గీత ఉంది. దాన్ని నమ్ముకునే కట్టారు.

ఆ రోడ్డు రాలేదు.

వస్తుందన్నారు, వాయిదా వేశారు, చివరకు రద్దు చేశారు. ఇళ్ళు మాత్రం లేచి నిలబడ్డాయి. రైలు లేదు, రోడ్డు లేదు, బస్సు ఉందంటే ఉంది. కొనుక్కున్న ఉద్యోగులు మోసపోయామని తెలుసుకుని ఒక్కొక్కరే అమ్మేసో అద్దెకిచ్చో దిగిపోయారు. ధర పడిపోయింది. వేరేచోట ఇల్లు దొరకనివాళ్ళకు ఇక్కడ దొరికింది. మగ్రిబ్ నుంచి, మాలీ, మారిటేనియా, సెనెగల్ నుంచి, తుర్కియే నుంచి వచ్చినవాళ్ళు చేరారు. తర్వాత పేపర్లు "వలసవాళ్ళు వచ్చి పాడుచేసిన కాలనీ" అని రాశాయి. వరస తిరగేసి చూడండి. దారి లేనందువల్ల పాడైన చోటికే వీళ్ళను రానిచ్చారు. మన దగ్గర కూడా ఇంతే కదా. మురుగు పారే చోటుకు మనల్ని నెట్టి, మురుగు మన అలవాటు అంటారు.

నడిచేవాడి వైపునుంచి ఆ నక్షా చూస్తే ఇంకో దుర్మార్గం కనిపిస్తుంది. ఆ తరం ఆర్కిటెక్టులకు వీధి అంటే అసహ్యం. గల్లీ, మూలమలుపు, అంగడి, అరుగు, ఇవన్నీ పాతకాలపు రోగాలన్నారు. కార్లు ఒకవైపు, మనుషులు ఒకవైపు, భవనాలు పచ్చికలో విడివిడిగా. కాగితం మీద అందంగా ఉంటుంది. నేలమీద ఏమయిందంటే, కాలనీలోకి వచ్చే రోడ్డు పార్కింగు దగ్గర ఆగిపోతుంది. ఈ పక్కనుంచి ఆ పక్కకు పోయే దారంటూ ఉండదు. పొడవాటి భవనం గోడలా అడ్డం. పక్క ఊరివాడికి ఈ కాలనీ మీదుగా పోవాల్సిన పనే రాదు. ఎవరూ దాటిపోని చోటును ఎవరూ చూడరు. చార్మినార్ చుట్టూ గల్లీలు ఇరుకే కావచ్చు, కానీ ప్రతి గల్లీ ఇంకో గల్లీలోకి తెరుచుకుంటుంది, పరాయివాడు కూడా తప్పిపోయి వస్తాడు. లె బోస్కేలోకి తప్పిపోయి ఎవరూ రారు. చివరికి లిఫ్టులూ పాడయ్యాయి. షేన్ ప్వాంత్యూలో లిఫ్టులు నెలలు, ఏళ్ళు ఆగిపోయి ఉండేవి. పనినుంచి గంటన్నర ప్రయాణం చేసివచ్చిన తల్లి సంచులతో పది అంతస్తులు ఎక్కాలి. దారి సమస్య బస్టాపు దగ్గర అయిపోదు, ఇంటి గుమ్మం దాకా ఉంటుంది.

1980ల్లో మోంఫెర్మే మేయరు విదేశీయుల పిల్లలను బడిలో చేర్చుకోనన్నాడు. ఊళ్ళో రైలు లేని లోటు ఆయనకు అంతగా బాధించినట్టు లేదు. శివారును ఫ్రెంచిలో 'బాంలియూ' అంటారు. కొందరు దాన్ని వెలివేసిన చోటు అని విడగొట్టి చెప్తారు. అసలు అర్థం అది కాదు. పట్నపు పెత్తనం చెల్లే కోసెడు నేల అని. కానీ జనం తప్పుగా విడగొట్టడంలోనే నిజముంది.

ఆ దశకంలోనే ఇంకో నడక జరిగింది. లియోన్ శివారు మాంగెత్ కాలనీలో పోలీసు తూటా తగిలి ఆస్పత్రిలో పడుకున్న తూమీ జైజా అనే కుర్రాడు, అతని స్నేహితులు, గాంధీ ఉప్పు సత్యాగ్రహాన్ని, మార్టిన్ లూథర్ కింగ్‌ను తలుచుకుని నడుద్దామన్నారు. 1983 అక్టోబరు 15న మార్సేలో కొద్దిమందిగా మొదలై డిసెంబరు 3న పారిస్ చేరేసరికి లక్షమంది అయ్యారు. అధ్యక్షుడు పిలిచి మాట్లాడాడు. పదేళ్ళ నివాస పత్రం వచ్చింది, అది చిన్నదేమీ కాదు. కాలనీలకు తొవ్వ మాత్రం రాలేదు.

2005 అక్టోబరు 27, రంజాన్ నెల. క్లిషీ పిల్లలు పది మంది దాకా పక్క ఊరు లివ్రీ-గార్గాఁ మైదానంలో ఫుట్‌బాల్ ఆడి, నడిచి ఇంటికి బయల్దేరారు. ఇఫ్తార్ వేళకు ఇల్లు చేరాలి. దారిలో ఒక కట్టుబడి స్థలం దగ్గర ఈ పిల్లలు తచ్చాడుతున్నారని ఎవరో పోలీసులకు ఫోన్ చేశారు. పోలీసు బండి వచ్చింది. పిల్లలు పరుగెత్తారు. ఏమీ చెయ్యకపోతే ఎందుకు పరుగెత్తారు అని పెద్దమనుషులు తర్వాత అడిగారు. ఆపితే కాగితాలడుగుతారు, కాగితాలు లేకపోతే స్టేషన్‌కు, స్టేషన్‌కు పోతే గంటలకు గంటలు, ఇంట్లో ఇఫ్తార్ దగ్గర కూర్చున్న తల్లిదండ్రులకు పోలీసు ఫోను. ఈ లెక్క ఆ ఈడు పిల్లలందరికీ నోటికి వచ్చు. ముగ్గురు కరెంటు సబ్‌స్టేషన్ గోడ దూకి లోపల దాక్కున్నారు. వాళ్ళు అటు పోతున్నారని చూసిన పోలీసు, అందులోకి పోతే వాళ్ళ ప్రాణాలకు పెద్దగా ఆశ లేదని రేడియోలో అన్నాడు. అది రికార్డయింది. కరెంటు కంపెనీకి మాత్రం ఎవరూ ఫోన్ చెయ్యలేదు. అరగంట గడిచింది. 6 గంటల 12 నిమిషాలకు క్లిషీలో దీపాలు ఆరిపోయాయి.

జైద్ బెన్నాకు 17 ఏళ్ళు, ఇంటివాళ్ళది ట్యునీషియా. బూనా ట్రావొరేకు 15, ఇంటివాళ్ళది మారిటేనియా. ఇద్దరూ అక్కడే పోయారు. 17 ఏళ్ళ ముహిత్తిన్ అల్తూన్ ఒళ్ళు కాలి, నడుచుకుంటూ కాలనీ చేరి సంగతి చెప్పాడు. అక్టోబరు 30 రాత్రి బిలాల్ మసీదు దగ్గర పేలిన బాష్పవాయువు నమాజులో ఉన్నవాళ్ళను ఉక్కిరిబిక్కిరి చేసింది. అప్పటిదాకా ఒక ఊరి కోపంగా ఉన్నది దేశమంతా పాకింది. మూడువారాలు, మూడువందల ఊళ్ళు, పదివేల దాకా కార్లు. తగలబడినవి ఎక్కువ భాగం వాళ్ళ సొంతవాడలోని కార్లే, బళ్ళే. దాన్ని నేను సమర్థించను. కానీ పట్నంలోకి పోయి తగలబెట్టడానికి కూడా వాళ్ళకు గంటన్నర పడుతుందని ఒక చేదు పరిహాసం. ప్రభుత్వం నవంబరు 8న అత్యవసర పరిస్థితి పెట్టింది. ఏ చట్టం కింద? 1955 ఏప్రిల్ 3 నాటి చట్టం. అల్జీరియా యుద్ధం కోసం చేసిన చట్టం. తాతలకోసం దాచిన తాళం మనవళ్ళ వీధికి సరిగ్గా సరిపోయింది. పోలీసులిద్దరి మీద కేసు పదేళ్ళు నడిచి 2015 మే 18న రెన్ కోర్టులో కొట్టివేశారు.

ఆ ఊరి మేయరు క్లోద్ దిలాం పిల్లల డాక్టరు. ట్రాం కావాలని ఆయన ఏళ్ళ తరబడి అడిగాడు. ఇట్లాంటి పనికి ఫ్రెంచి అధికారుల దగ్గర ఒక మాట ఉంది. 'దెజాంక్లావ్‌మాఁ', అంటే చుట్టూ మూసుకుపోయిన నేలకు దారి తెరవడం. నిజానికి అల్లర్లకు పది నెలల ముందే, 2004 డిసెంబరులో, రెండు ఊళ్ళ పునర్నిర్మాణానికి ఒప్పందం కుదిరింది. లె బోస్కేలో పలకల్లాంటి భవనాలు కూల్చారు. వాటిచోట మూడు నాలుగు అంతస్తుల ఇళ్ళు, వాటి మధ్య అసలైన వీధులు వచ్చాయి. ఈ కొసనుంచి ఆ కొసకు నడిచిపోగల వీధులు, పేర్లున్న వీధులు, పేవ్‌మెంటు ఉన్న వీధులు. ఇది మంచిపనే. విమర్శ కోసం విమర్శ చెయ్యను. అయినా కాలనీలో ఒక అనుమానం ఉండేది. ఈ వీధులు మేం బయటికి పోవడానికా, పోలీసుబళ్ళు లోపలికి రావడానికా? పారిస్ చరిత్ర తెలిసినవాళ్ళు ఆ అనుమానాన్ని కొట్టెయ్యరు. హౌస్‌మాన్ వెడల్పు రోడ్ల గురించి కూడా 19వ శతాబ్దంలో పేదలు ఇదే అడిగారు. 2010లో క్లిషీలో కొత్త పోలీసుస్టేషను తెరిచారు. ట్రాం ఇంకో తొమ్మిదేళ్ళకు వచ్చింది. ఏది ముందు వచ్చిందో గమనించండి, చాలు.

ట్రాం కథ వింటే నవ్వొస్తుంది, ఏడుపూ వస్తుంది. టి-4 అనే ట్రాం 2006 నవంబరులోనే కిందిఊళ్ళ మధ్య నడిచింది. దాన్నించి గుట్టమీదికి ఆరున్నర కిలోమీటర్ల కొమ్మ వెయ్యాలి. కింద లివ్రీ-గార్గాఁ, పవియోఁ-సు-బ్వా ఊళ్ళ మీదుగా రావాలి. ఆ ఊళ్ళ మున్సిపాలిటీలు వద్దన్నాయి. చెప్పిన కారణాలు రోడ్డు ఇరుకవుతుంది, చెట్లు పోతాయి, పార్కింగు పోతుంది అని. చెప్పని కారణం చెప్పక్కరలేదు. బస్సు రానివ్వని ఊరు, ఇల్లు అద్దెకివ్వని యజమాని, ఎవరైనా సరే మతం పేరెత్తరు, పార్కింగు అంటారు. 2013లో ప్రభుత్వ ఆమోదం దొరికింది. 2019 డిసెంబరు 14న ట్రాం గుట్టెక్కింది. 2020 ఆగస్టు 30న మోంఫెర్మే ఆస్పత్రి దాకా పోయింది. ఇద్దరు పిల్లలు నడిచి ఇల్లు చేరలేకపోయిన ఆ సాయంత్రానికీ మొదటి ట్రాంకూ మధ్య పద్నాలుగేళ్ళు.

సరిగ్గా ఆ నెలల్లోనే మన హైదరాబాదులో కూడా రైలు పరుగెత్తింది. 2020 ఫిబ్రవరి 7న జూబ్లీ బస్‌స్టేషన్ నుంచి మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ దాకా మెట్రో మొదలైంది. అసలు నక్షాలో ఆ గీత అక్కడ ఆగదు. మూసీ దాటి, పాతబస్తీ మీదుగా ఫలక్‌నుమా దాకా ఇంకో ఐదున్నర కిలోమీటర్లు పోవాలి. ఆ ముక్క ఒక్కటే మిగిలిపోయింది. దానికి పునాదిరాయి పడ్డది 2024 మార్చిలో. అక్కడ చెట్లు, పార్కింగు. ఇక్కడ ఇరుకు రోడ్లు, ఆస్తుల సేకరణ, ప్రార్థనా స్థలాలు. కారణాలన్నీ నిజమైనవే కావచ్చు. మిగతా నగరంలో అవే కారణాలు ఎట్లా తీరాయన్నదే ప్రశ్న.

క్లిషీ, మోంఫెర్మేల మధ్య భూమి లోపల మెట్రో స్టేషను కూడా కడుతున్నారు. 16వ నంబరు లైను. ఈసారి స్టేషనుకు రెండు ఊళ్ళ పేర్లూ ఉన్నాయి, స్టేషనూ ఆ ఊళ్ళలోనే ఉంది. ప్రారంభం తేదీ 2024 అన్నారు, 2026 అన్నారు, తర్వాత 2027కు జరిపారు. ఎ-87 రోడ్డు కోసం ఎదురుచూసి అలసిన ముసలివాళ్ళు ఈ తేదీలు వింటూ ఏమనుకుంటారో ఊహించుకోవచ్చు. ఈలోగా లె బోస్కేలో పెరిగిన లాజ్ లీ, మాలీ నుంచి వచ్చినవాళ్ళ బిడ్డ, హ్యూగో నవల పేరే పెట్టి ఆ కాలనీలోనే సినిమా తీశాడు. 2019లో కాన్‌లో జ్యూరీ బహుమతి అందుకుంది. మోంఫెర్మే నుంచి కాన్ దాకా తొవ్వ దొరికింది, లె రాంసీ స్టేషను దాకానే కష్టం.

2015 అక్టోబరులో, పదేళ్ళు నిండిన సందర్భంగా, క్లిషీలో ఒక దారికి జైద్ బెన్నా, బూనా ట్రావొరేల పేరు పెట్టారు.

2023 జూన్ 27న నాంతేర్‌లో నాహెల్ మెర్జూక్ అనే 17 ఏళ్ళ కుర్రాణ్ణి పోలీసు కాల్చి చంపాడు. అల్జీరియా మూలాలున్నవాడు. ఒకప్పటి మురికివాడల ఊరే అది. దేశం మళ్ళీ మండింది. పారిస్ ప్రాంతమంతటా రాత్రి 9 గంటల తర్వాత ట్రాములు, బస్సులు ఆపెయ్యమని ఉత్తర్వు వచ్చింది. ఉద్యోగుల, ప్రయాణికుల రక్షణకోసమన్నారు, నిజమే, బళ్ళు తగలబడుతున్నాయి. 1961లో గంట 8.30. ఈసారి అరగంట ఎక్కువిచ్చారు, ఏ మతం పేరూ రాయలేదు. సొంతకారున్నవాళ్ళు యథాప్రకారం తిరిగారు. పారిస్ ఆఫీసుల్లో రాత్రి ఊడ్చేపని, ఆస్పత్రుల్లో రాత్రి డ్యూటీ చేసేవాళ్ళు ఎక్కువగా ఈ కాలనీలవాళ్ళే. పద్నాలుగేళ్ళు ఆగి దొరికిన ట్రాం కూడా ఆ రాత్రుల్లో తొమ్మిదింటికే ఆగిపోయింది. పనిదిగి ఆలస్యంగా వచ్చినవాళ్ళకు మిగిలింది కిందినుంచి గుట్టమీదికి పాత తొవ్వే.